బొమ్మ ఒప్పు, పేరు తప్పు

శ్రీశ్రీ ‘సిప్రాలి’లో ‘లి’ అంటే లిమరిక్కులని మన క్లబ్‌లో చాలామందికి తెలుసు. ఆ ఐదు పాదాల అల్లరి పద్యాన్ని ఇంగ్లీషులో ఇంటింటికీ చేర్చినవాడు ఎడ్వర్డ్ లియర్. నాకు మాత్రం లియర్ మీద ఇష్టం పుట్టింది పద్యాల వల్ల కాదు, చిలుకల వల్ల. కవిగా పేరు రాకముందు ఆయన పక్షుల బొమ్మలు గీసి బతికాడు. అందులో ఒక నీలం చిలుక కథ మన ఇంజనీరింగ్ వాళ్ళకి బాగా పనికొస్తుందనిపించి ఇది రాస్తున్నా.

లియర్ 1812 మే 12న లండన్ దగ్గర హాలోవేలో పుట్టాడు. ఆ తల్లికి ఇరవై కాన్పులు దాటాయంటారు. తండ్రికి షేర్ల వ్యాపారంలో దెబ్బ తగిలింది. చిన్నవాడైన ఎడ్వర్డ్‌ని పెద్దక్క ఆన్ చేతిలో పెట్టేశారు. అమ్మయినా అక్కయినా ఆవిడే. బొమ్మలు వేయడం నేర్పింది కూడా ఆవిడే. దీనికి తోడు చిన్నప్పటి నుంచీ మూర్ఛ రోగం. ఆ రోజుల్లో అది బయటపడితే పరువు తక్కువ. అందుకే జీవితాంతం దాచుకున్నాడు. మూర్ఛ వచ్చిన రోజున డైరీలో ఒక చిన్న గుర్తు మాత్రం పెట్టుకునేవాడు. సరైన చదువు లేదు. పదిహేనేళ్ళకే బొమ్మలు అమ్మి తిండి సంపాదించుకోవాల్సి వచ్చింది.

1830లో, అంటే మనం బీటెక్‌లో చేరే వయసులో, ఒక పెద్ద పనికి దిగాడు. ఒక్క చిలుకల కుటుంబం మీదే పెద్ద సైజు బొమ్మల పుస్తకం వేయాలని. అప్పట్లో చాలామంది చిత్రకారులు చచ్చిన పక్షి చర్మంలో దూది కుక్కి, దాన్ని చూసి గీసేవాళ్ళు. లియర్ అలా కాదు. లండన్ జూకి వెళ్ళి బతికున్న చిలుకల ముందు కూర్చున్నాడు. పక్షిని జూ మనిషి పట్టుకుంటే, ఈయన రెక్క ఎంత, కాలు ఎంత అని కొలిచేవాడు. రంగుల వివరాలు స్కెచ్ పక్కనే రాసుకునేవాడు.

ఇంత అవసరమా అంటే, చిలుకల విషయంలో అవసరమే. దక్షిణ అమెరికా పెద్ద చిలుకల్ని, అదే మకావ్‌లని తీసుకోండి. రెండు రకాలు దూరం నుంచి ఒకేలా ఎర్రగా కనిపిస్తాయి. ఒకదాని రెక్క మీద పసుపు పట్టీ, తెల్లటి బోడి చెంప. రెండోదానికి పసుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ, చెంప మీద సన్నటి ఎర్ర ఈకల గీతలు. ఇలాంటి తేడాలు చాలావరకు ముఖం దగ్గరే, కంటి చుట్టూ, ముక్కు మొదట్లో ఉంటాయి. పక్షి చచ్చిపోతే ముందు వెలిసిపోయేది ఆ బోడి చర్మం రంగే.

పుస్తకం 175 ప్రతులే. లితో రాళ్ళ మీద లియర్ స్వయంగా గీసేవాడు, అచ్చయ్యాక చేత్తో రంగులు వేయించేవాడు. 14 భాగాలు అనుకుంటే 1832లో 12 దగ్గరే డబ్బులు అయిపోయి ఆగిపోయింది. మొత్తం 42 బొమ్మలు.

వాటిలో ఒకటి నీలం మకావ్. కింద హయసింథ్ మకావ్ అని పేరు వేశారు. అసలు హయసింథ్ దాదాపు మీటరు పొడవుంటుంది, ఒళ్ళంతా ముదురు నీలం, ముక్కు మొదట్లో సన్నటి పసుపు అంచు. బొమ్మలోని పక్షికి మాత్రం తల నీలంలో కాస్త పచ్చదనం కలిసి వెలిసినట్టుంది, ఆ పసుపు మచ్చ కన్నీటి చుక్క ఆకారంలో వెడల్పుగా ఉంది. నిజం పక్షి కూడా చిన్నదే, 70-75 సెంటీమీటర్లు. పేరుకి తగ్గట్టు మచ్చని సన్నం చేసి సరిపెట్టలేదు లియర్. కళ్ళకి కనిపించిందే గీశాడు. 1856లో నెపోలియన్ తమ్ముడి కొడుకైన పక్షిశాస్త్రవేత్త చార్ల్స్ లూసియన్ బోనపార్ట్ ఇది వేరే జాతి అని తేల్చి, లియర్ పేరే పెట్టాడు.

మెషిన్ లెర్నింగ్ చదివేవాళ్ళకి ఇది వెంటనే తడుతుంది. లేబుల్ తప్పయినా డేటా నిజాయితీగా ఉంటే, లేబుల్‌ని తర్వాత ఎవరైనా దిద్దొచ్చు. లేబుల్‌కి సరిపోయేలా డేటానే మార్చేస్తే ఇక దిద్దడానికి ఏమీ మిగలదు. ల్యాబ్ రికార్డుల్లో రీడింగులు వెనక నుంచి ముందుకి నింపే అలవాటు గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

లియర్ ఆ తర్వాత ఎక్కువ కాలం పక్షుల దగ్గర ఉండలేదు. డెర్బీ ప్రభువు నోస్లీ భవనంలో జంతువుల బొమ్మలు గీస్తూ, అక్కడి పిల్లల్ని నవ్వించడానికి తిక్క పద్యాలు కట్టాడు. అవే 1846లో పుస్తకమయ్యాయి. చూపు మందగించి ఈకల్లాంటి సన్నటి పని కష్టమయ్యాక, 1837లో రోమ్ వెళ్ళి కొండలు, ఊళ్ళు గీయడం మొదలుపెట్టాడు. విక్టోరియా రాణికి డ్రాయింగ్ పాఠాలు చెప్పాడు. అరవై దాటాక, 1873 నుంచి 1875 వరకు మన దేశమూ తిరిగాడు, మద్రాసు దాకా వచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. 1888 జనవరి 29న ఇటలీలోని శాన్ రెమోలో పోయాడు.

అప్పటికి ఆ నీలం చిలుక ఎక్కడ గూడు కడుతుందో శాస్త్రవేత్తలకి తెలియదు. బ్రెజిల్ నుంచి వచ్చే పంజరాల్లో అప్పుడప్పుడూ ఒకటి కనిపించేది, అంతే. చివరికి 1978 డిసెంబరులో హెల్ముట్ సిక్ అనే పక్షిశాస్త్రవేత్త ఈశాన్య బ్రెజిల్, బహియా రాష్ట్రంలోని మెట్ట ప్రాంతంలో దాని చోటు కనిపెట్టాడు. ఇసుకరాతి కొండచరియల బొరియల్లో గూళ్ళు, లికూరి అనే తాటిజాతి చెట్ల కాయలు తిండి. అప్పట్లో పదుల్లో లెక్క తేలిన ఆ పక్షులు, కాపలా వల్ల ఇప్పుడు వేలల్లోకి వచ్చాయి. అయినా ప్రమాదం అంచునుంచి ఇంకా తప్పుకోలేదు. పంజరాల వ్యాపారులకి ఆ కొండలు తెలుసు.

కాపాడాలంటే ముందు అదేదో గుర్తుపట్టాలి కదా. ఎప్పుడైనా పెద్ద నీలం చిలుక ఫోటో మీ కంటపడితే కింద రాసిన పేరు తర్వాత చదవండి. ముందు ముక్కు మొదట్లో పసుపు ఎంత వెడల్పుందో చూడండి.