ఖురాను లేఖకుడు జైదు బిన్ సాబిత్

గ్రంథము నశించుటకు మార్గములు పెక్కు గలవు. అగ్ని దహించును, నీరు నాన్చును, చెదలు తినును, వ్రాయువాని యేమరుపాటు వలన ఒక మాటకు మారుగా మరియొక మాట వచ్చి చేరును. కంఠస్థమైన విద్యకును ఆపదలు లేకపోలేదు. నేర్చినవాడు మరణించినచో అతనితోడనే అదియు మరుగున పడును. నలుగురు నాలుగు విధములుగా చదివినచో అసలు పాఠ మేదియో తేల్చుట దుష్కరమగును. ఈ యాపదలనుండి తమ పవిత్ర గ్రంథమైన ఖురాను ఎట్లు కాపాడబడినదని ముస్లిములను అడిగినచో, వారు చెప్పు సమాధానములో ఒక పేరు తప్పక వినవచ్చును. అది మదీనా నగరవాసియైన జైదు బిన్ సాబిత్ పేరు. ఆయన రాజు కాడు, సేనాని కాడు, వ్రాయసకాడు.

జైదు క్రీ. శ. 611 ప్రాంతమున అరేబియాలోని యస్రిబ్ పట్టణమున జన్మించెను. ఖర్జూరపు తోటలకు పేరుపడిన ఆ పట్టణమే తరువాత మదీనాయని ప్రసిద్ధి కెక్కెను. ఆయన ఖజ్రజ్ తెగలోని నజ్జార్ వంశమువాడు. ఆ దినములలో అచ్చటి తెగల నడుమ వైరములు మెండు. బుఆస్ అనుచోట జరిగిన పోరాటమున జైదు తండ్రి సాబిత్ హతుడయ్యెను. అప్పటికి బాలునకు ఆరేండ్ల ప్రాయము. తల్లి నవార్ అతనిని పెంచి పెద్దవానిని చేసెను.

క్రీ. శ. 622లో మహమ్మదు ప్రవక్త మక్కానుండి మదీనాకు వలస వచ్చునప్పటికి జైదునకు పదునొకండేండ్లు. అప్పటికే ఆ బాలుడు ఖురానులోని పదునేడు సూరాలను, అనగా అధ్యాయములను, నోటికి నేర్చియుండెననియు, బంధువులు అతనిని ప్రవక్తయొద్దకు తోడ్కొనిపోయి చదివించిరనియు చెప్పుదురు. రెండేండ్ల తరువాత బద్రు యుద్ధమునకు తానును వత్తునని బయలుదేరగా, పసివాడని యెంచి ప్రవక్త అతనిని వెనుకకు పంపెను. కత్తి పట్టుటకు చాలని వయసు కలము పట్టుటకు చాలెను. యూదులతో జరుగు ఉత్తర ప్రత్యుత్తరములకై వారి లిపిని నేర్చుకొనుమని ప్రవక్త ఆదేశింపగా, జైదు పదునైదు దినములలో దానిని నేర్చెనని సంప్రదాయము. నాటినుండి ఆయన ప్రవక్తకు లేఖకుడయ్యెను.

ఖురాను ఒక్కనాడు ఒక్కచోట పూర్తియైన గ్రంథము కాదు. క్రీ. శ. 610 మొదలు 632 వరకు, ఇరువది రెండేండ్లకు పైగా, సమయానుసారముగా అది ప్రవక్తకు అవతరించెనని ముస్లిముల విశ్వాసము. వారి దృష్టిలో అది మానవ రచన కాదు, దేవుని వాక్కు. ప్రవక్త దానిని చదివి వినిపించును. శిష్యులు విని వల్లించుదురు. నిత్యము ఐదుమారులు జరుగు నమాజులో దానినే పఠింతురు. అదే సమయమున వ్రాతయు సాగుచుండెను. ఆ కాలమున అరేబియాలో కాగితము లేదు. తోలు ముక్కలు, పలుచని తెల్లరాళ్లు, ఒంటెల భుజపుటెముకలు, ఖర్జూరపు మట్టలు, ఇవియే వ్రాతకు సాధనములు. మన పెద్దలు గంటముతో వ్రాసిన తాటియాకు వంటివి కావవి. మట్టలోని ఆకులను దూసివేసి, వెడల్పైన మొదటి భాగముమీద సిరాతో వ్రాసెడివారు. జైదు నివాసము ప్రవక్త యింటికి చేరువనుండుటచే ఆయనకు తరచుగా పిలుపు వచ్చుచుండెను. వ్రాసిన పిమ్మట దానిని తిరిగి చదివి వినిపింపవలెను; పొరపాటున్నచో అక్కడనే దిద్దవలెను. ఈ కట్టుబాటు జైదునకు చిన్ననాటనే అలవడెను.

క్రీ. శ. 632లో ప్రవక్త దివంగతుడయ్యెను. అప్పటికి ఖురాను పలువురి కంఠములందు నిలిచియుండెను. ముక్కలు ముక్కలుగా వ్రాయబడియు నుండెను. కాని రెండట్టల నడుమ గ్రంథముగా కూర్పబడలేదు. ప్రవక్త జీవించియున్నంతకాలము క్రొత్త వచనములు వచ్చుచునే యుండెను గనుక గ్రంథము ముగిసినదని కట్టివేయుటకు వీలుకాలేదని పండితులు దీనికి కారణము చెప్పుదురు.

మొదటి ఖలీఫా అబూబకరు అధికారమునకు వచ్చిన కొలది నెలలకే యమామా యుద్ధము జరిగెను. అందు ఖురానును కంఠస్థము చేసినవారు పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఈ వార్త ఉమరును కలవరపెట్టెను. ఇట్టి యుద్ధములు మరికొన్ని జరిగినచో ఖురానులో కొంత భాగము దానిని ఎరిగినవారితోడనే పోవునేమోయని ఆయన భయపడెను. వెంటనే దానిని ఒకచోట చేర్చి వ్రాయింపుడని అబూబకరును కోరెను. ప్రవక్త చేయని పనిని తానెట్లు చేయుదునని అబూబకరు తొలుత వెనుకాడెను. ఉమరు పలుమారులు నచ్చజెప్పిన మీదట సమ్మతించి, జైదును పిలిపించెను.

జైదు అప్పటికి ఇరువది రెండేండ్ల యువకుడు. ఆయన బుద్ధిశాలి, నమ్మదగినవాడు, ప్రవక్తకు స్వయముగా లేఖకుడు. ఇన్ని యోగ్యత లున్నను ఆయన సంతోషముతో ఒప్పుకొనలేదు. అబూబకరు వేసిన ప్రశ్ననే ఆయనయు వేసెను. కొండను ఒకచోటినుండి మరియొకచోటికి కదలింపుమన్నను అది తనకు ఇంతటి భారముగా తోచెడిది కాదని తరువాతి కాలమున ఆయన తలచుకొనెడివాడట.

ఈ జంకునకు కారణము కలదు. తన వాక్కును తానే కాపాడుదునని దేవుడు వాగ్దానము చేసినట్లు ఖురానులోనే కలదు. దేవుడే కాపాడునప్పుడు మానవుని ప్రయాస యెందుకు? మానవుడు చేయిపెట్టినచో, చేయి జారినచో, ఆ పాప మెవరిది? ముస్లిము పండితులు ఈ సంశయమునకు చెప్పు సమాధానము ఇది: దైవరక్షణ మనగా మానవులు చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు, ఉమరు భయము, అబూబకరు నిర్ణయము, జైదు శ్రమ, ఇవియన్నియు ఆ రక్షణకు సాధనములే. జైదు ఎట్టకేలకు ఈ భావముతోడనే భారమును తలకెత్తుకొనెను.

ఆయన అనుసరించిన పద్ధతి గమనింపదగినది. ఖురాను అంతయు ఆయనకు కంఠస్థమే. తలచినచో ఇంట కూర్చుండి జ్ఞాపకమునుండియే వ్రాసియుండవచ్చును. ఆయన అట్లు చేయలేదు. ప్రవక్త సన్నిధిని వ్రాసికొన్న వ్రాతలున్నవారు వానిని తీసికొనిరావలెననియు, ప్రతి వ్రాతకును ఇరువురు సాక్షులుండవలెననియు నియమ మేర్పడెను. ఉమరును జైదును మసీదు ద్వారమున కూర్చుండి వానిని స్వీకరించిరని చెప్పుదురు. తౌబా అను సూరా చివరనున్న రెండు వచనములు జైదునకు తెలిసినవే. కాని వాని వ్రాత ఎక్కడను దొరకలేదు. వెదకగా వెదకగా మదీనావాసియైన అబూ ఖుజైమాయొద్ద అది లభించెను. అప్పుడుగాని ఆయన వానిని గ్రంథమున చేర్పలేదు. కంఠమునకు వ్రాత సాక్ష్యము, వ్రాతకు కంఠము సాక్ష్యము. ఒకటి లేక రెండవది చాలదు. జైదు తన జ్ఞాపకమునకును ఈ నియమమునుండి మినహాయింపు నీయలేదు.

ఇట్లు సిద్ధమైన పత్రములు అబూబకరు వద్ద నుండెను. 634లో ఆయన మరణింపగా ఉమరునకును, 644లో ఉమరు మరణింపగా ఆయన కుమార్తెయు ప్రవక్త భార్యయునైన హఫ్సాకును అవి చేరెను. ఆమె చదువను వ్రాయను నేర్చిన విదుషీమణి.

తరువాత వచ్చిన ఆపద మరియొక విధమైనది. ఇస్లాము రాజ్యము నలుదిక్కుల వ్యాపించెను. సిరియావారు ఒక గురువునొద్దను, ఇరాకువారు మరియొక గురువునొద్దను నేర్చిరి. ఆర్మేనియా, అజర్‌బైజాను దండయాత్రలలో ఈ రెండు దేశముల సైనికులు కలిసికొనినప్పుడు, ఒకరి పఠనమును మరియొకరు తప్పుపట్టి కలహింపసాగిరి. ఇది చూచిన హుజైఫా అను ప్రముఖుడు మదీనాకు వచ్చి, ప్రజలు గ్రంథము విషయమున చీలిపోకమునుపే అడ్డుపడవలసినదిగా మూడవ ఖలీఫాయగు ఉస్మానునకు మొరపెట్టెను. ఇది 650 ప్రాంతమున జరిగిన సంగతి.

ఉస్మాను హఫ్సాయొద్దనుండి పత్రములను తెప్పించి, మరల జైదునకే పని యొప్పగించెను. మక్కాకు చెందిన ఖురైషు తెగవారు మువ్వురు ఆయనకు తోడుగా నియమింపబడిరి. ఏదైన మాట విషయమున జైదునకును వారికిని భేదము వచ్చినచో, ప్రవక్త మాటలాడిన ఖురైషుల వాడుకనే అనుసరింపవలెనని నిర్ణయమయ్యెను. ప్రతులు సిద్ధమైన పిమ్మట మూలపత్రములు హఫ్సాకు తిరిగి యీయబడెను. ప్రతులు ముఖ్య పట్టణములకు పంపబడెను. తక్కిన వ్రాతల నన్నిటిని కాల్చివేయవలసినదిగా ఖలీఫా ఆజ్ఞాపించెను.

ఈ యాజ్ఞ కొందరి మనస్సులను గాయపరచకపోలేదు. కూఫా నగరమున ఖురాను బోధించుచుండిన అబ్దుల్లా ఇబ్నె మసూద్ ప్రవక్త శిష్యులలో అగ్రగణ్యుడు. జైదు పసివాడుగా నున్ననాడే తాను ప్రవక్త నోట డెబ్బదికి పైగా సూరాలు నేర్చినవాడు. తనను విడిచి జైదునకు ఈ పని యొప్పగించుటయు, తన ప్రతిని ఇమ్మనుటయు ఆయనకు తీరని మనస్తాపము కలిగించెను. ఆ పెద్దవాని బాధ అకారణమని ముస్లిము చరిత్రకారులు కొట్టివేయలేదు, దాచను లేదు. అయినను సమాజము చీలిపోకుండుటకు ఒక్క పాఠముననుసరించుటయే మేలని తక్కిన శిష్యులు అంగీకరించిరి. అలీ కూడ ఉస్మాను చర్యను సమర్థించెనని సంప్రదాయము. నేటికిని సున్నీలును షియాలును పఠించు ఖురాను ఒక్కటే.

జైదు పాండిత్యము లేఖనముతో ముగియలేదు. మరణించినవాని ఆస్తిని వారసులకు పంచు లెక్కలలో ఆయనను మించినవారు లేరని ప్రసిద్ధి. ఉమరు ప్రయాణములకు పోవునప్పుడు మదీనా పాలనను ఆయన కప్పగించెడివాడు. ప్రవక్తకు పినతండ్రి కుమారుడైన ఇబ్నె అబ్బాసు అంతటివాడు జైదు గుఱ్ఱమెక్కుచుండగా వినయముతో రికాబు పట్టుకొని నిలిచెనట. 665 ప్రాంతమున జైదు మదీనాలో కన్నుమూసెను. హఫ్సా మరణించినదియు ఇంచుమించుగా ఆ కాలముననే. ఆమె పిమ్మట ఆ మూలపత్రములను మదీనా పాలకుడైన మర్వాను నాశనము చేయించెను. వానివలన మరల పాఠభేదములు పుట్టునేమోయని ఆయన శంక. ఆ విధముగా జైదు తొలిసారి కూర్చిన పత్రము ఒక్కటియు లోకమున మిగులలేదు. ఆయన నిలిపిన పాఠము మిగిలెను.

నాటి అరబ్బీ వ్రాతలో అక్షరములను వేరుపరచు చుక్కలు మిక్కిలి అరుదు. హ్రస్వ అచ్చులకు గుర్తులే లేవు. గురుముఖమున నేర్వనివానికి అట్టి వ్రాత చదువ శక్యము కాదు. తరువాతి తరములవారు చుక్కలను, అచ్చుల గుర్తులను ఏర్పరచిరి. అయినను పఠన విధానములలో కొన్ని భేదములు నిలిచెను. 936లో మరణించిన బాగ్దాదు పండితుడు ఇబ్నె ముజాహిద్ అట్టివానిలో ఏడింటిని ప్రామాణికములుగా నిర్ణయించెను. ముస్లిములు వీనిని పాఠము చెడుటగా గాక, ప్రవక్త అనుమతించిన పఠన భేదములుగా భావింతురు.

ఇటీవలి పరిశోధనలును ఈ చరిత్రపై కొంత వెలుగు ప్రసరింపజేసినవి. ఇంగ్లండులోని బర్మింగుహాము విశ్వవిద్యాలయమున నున్న రెండు ఖురాను పత్రముల తోలు క్రీ. శ. 568, 645 సంవత్సరముల నడిమి కాలమునాటిదని 2015లో ప్రకటింపబడెను. 1972లో యెమెను దేశపు సనా నగరమున ఒక పెద్ద మసీదు మరమ్మతులలో ప్రాచీన పత్రములు బయల్పడెను. వానిలో కొన్నిటిపై తుడిచివేసిన పాత వ్రాత కలదు. దానిలోని పదములు ప్రస్తుత పాఠముతో అచ్చటచ్చట భేదించును. ఉస్మాను ఏ భేదములను తొలగింపదలచెనో వాని జాడ ఇందు కనబడుచున్నదని పలువురు పండితులు తలంతురు.

మన భాషలోనికి ఖురానును అనువదించినవారిలో మొదటివారు చిలుకూరి నారాయణరావుగారు. అనువాదము అర్థము తెలుపునే గాని అది ఖురాను కాదని ముస్లిముల మతము. పఠనము అరబ్బీలోనే సాగవలెను. అందుచేతనే గ్రంథమంతయు కంఠస్థము చేసిన హాఫిజులు నేటికిని ఊరూర నున్నారు. రంజాను మాసపు రాత్రులయందు హాఫిజు ముందు నిలిచి గ్రంథమును చూడకయే పఠించుచుండగా, వెనుక మరియొక హాఫిజు చెవియొగ్గి వినుచుండును. ఒక్క పదము తప్పినను వెంటనే అందించును. ముందున్నవాడు చిన్నబుచ్చుకొనక దిద్దుకొని సాగును. ఎంతటి విద్వాంసుని జ్ఞాపకమైనను మరియొకరి సాక్ష్యము లేక చెల్లదని జైదు పెట్టుకొన్న నియమము, పదునాలుగు వందల యేండ్లు గడచినను, ఆ వరుసలో నేటికిని పాటింపబడుచున్నది.