జయపుర ప్రభువు విక్రమదేవవర్మ

అరకులోయకు వాయవ్యమున, కనుమల కావల జయపురము గలదు. సంస్థానమని లోకులు పిలిచినను, ఆంగ్లేయుల కాలమున నది విశాఖపట్టణ మండలములోని జమీందారీయే.

విక్రమదేవవర్మ 1869వ సంవత్సరమున జన్మించెను. రాజవంశీయుడయ్యు అరువదియేండ్లు దాటువరకు ఆయనకు గద్దె దక్కలేదు. ఈ జాప్యము మేలే చేసెనని మా యభిప్రాయము. అధికారమదము తలకెక్కు ప్రాయమంతయు గ్రంథములతో గడచెను; ఆంధ్రోత్కల భాషలు రెంటను ఆయన రచనలు చేసెను. రామచంద్రదేవుని యనంతరము 1931లో ప్రభువై, ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్షరూపాయల నొసగ బూనెను. 1926లో బెజవాడయందు పుట్టి వాల్తేరు చేరిన యా పరిషత్తు అప్పటికి పసికందు. భోగమేళములకును విందులకును ధనము వెచ్చించు జమీందారులను మనమెందరినో యెరుగుదుము; ఈయన ధనము రసాయన, భౌతికశాస్త్రముల కక్కరకు వచ్చెను. అచటి శాస్త్రకళాశాల ఆయన పేరు దాల్చెను.

ఉత్కలరాష్ట్ర నిర్మాణమునకు సైత మాయన తోడ్పడెను. 1936 ఏప్రిలు 1వ తేదీన జయపుర మందు చేరెను. ఆంధ్రుల కిది కష్టముగా తోచుట సహజము; రెండుభాషల నొక్కరీతి నాదరించిన వానిని ద్రోహి యనుట మాత్రము న్యాయము గాదు.

మా శంక వేరొకటి. పత్రములు చదువుట మా వృత్తి: దానపత్రమున దాత పేరుండును, శిస్తు గట్టినవాని పేరుండదు. ఆ కొండలలో పోడుకొట్టిన పరజలు, గదబలు, కోందులలో ననేకులు అప్పుకై గోతి యను దాస్యమున మ్రగ్గుచుండిరి. దానిని మాన్పు శాసనము కోరాపుటునకు 1948లోగాని రాలేదు. వాల్తేరు ప్రయోగశాలలలో వారి బిడ్డలకు చోటెంత దొరకెను?

1951లో మహారాజు దివంగతుడయ్యెను. మరుసటియేట జమీందారీ ప్రభుత్వపరమయ్యెను.