డీజిల్ అనే మనిషి

మా కోదాడ వైపు డీజిల్ అంటే బంకు నుంచి డబ్బాలో తెచ్చుకునే సరుకు. అది ఒక మనిషి ఇంటిపేరని సెకండియర్ థర్మోడైనమిక్స్ క్లాసుదాకా నాకూ తెలియదు. సెలవులకి ఇంటికెళ్లి చెప్తే మా తాత నమ్మలేదు. ఇరవై ఏళ్లు ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ తిప్పిన చేతులు ఆయనవి. ఆ రాత్రి ఆయనకి చెప్పిన కథే ఇది, తారీఖులు సరిచూసి రాస్తున్నా.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మన్లు, తండ్రిది తోలుతో సామాన్లు చేసి అమ్ముకునే చిన్న పని. 1870లో ఫ్రాన్సుకీ జర్మన్లకీ యుద్ధం రావడంతో వాళ్లు ఉన్నఫళాన లండన్ వెళ్లిపోవాల్సొచ్చింది. అక్కడ పూట గడవక, పన్నెండేళ్ల పిల్లాణ్ణి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లెక్కలు చెప్పే బంధువు ఇంటికి పంపేశారు. పిల్లాడు చదువులో గట్టోడు. మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ చదివాడు. ఆఖరి పరీక్షల టైముకి టైఫాయిడ్ వచ్చి రాయలేకపోయాడు. మళ్లీ అవకాశం వచ్చేదాకా ఆగి, 1880లో రాసి, అందరికన్నా పైన నిలిచాడు. బ్యాక్‌లాగ్ ఉన్న మిత్రులు ఈ రెండు వాక్యాలూ ఇంకోసారి చదువుకోవచ్చు.

ఆయనకి థర్మో చెప్పిన మాస్టారు కార్ల్ ఫాన్ లిండే, చల్లదనం పుట్టించే యంత్రాలకి పేరుమోసిన మనిషి. ఆవిరి యంత్రం బొగ్గులోని వేడిలో పదో వంతు కూడా పనిగా మార్చలేకపోతోందని ఆ క్లాసులోనే డీజిల్ తలకెక్కింది. దాంతోపాటు ఇంకో బాధ కూడా ఉంది. ఆవిరి యంత్రం భారీది, ఖరీదైంది. ఫ్యాక్టరీ పెట్టగలిగినవాడికే అందేది. చేతిపనివాళ్లు దాని కింద నలిగిపోతున్నారు. చిన్నవాడి కొట్లో కూడా నడిచే పొదుపైన ఇంజన్ ఒకటి చెయ్యాలని ఆయన కోరిక. తోలుపనివాడి కొడుక్కి ఆ ఆలోచన రావడంలో వింతేముంది!

మొదట అమ్మోనియా ఆవిరితో ప్రయత్నిస్తే అది పేలి ఆసుపత్రి పాలయ్యాడు. తర్వాత దారి మార్చాడు. గాలిని సిలిండర్‌లో గట్టిగా నొక్కితే అదే కాగుతుంది. ఆ వేడి గాలిలోకి ఇంధనం వదిలితే ప్లగ్గు, నిప్పురవ్వ ఏమీ అక్కర్లేకుండా అదే అంటుకుంటుంది. 1893లో పేటెంట్ వచ్చింది. అదే ఏడు ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదటి పరీక్ష చేస్తే పీడనం కొలిచే పరికరం ముక్కలై ఎగిరింది, మనిషి కొద్దిలో బతికాడు. 1894 ఫిబ్రవరి 17న ఇంజన్ సొంతంగా నడిచింది, ఒక్క నిమిషంపాటు. సరిగ్గా మూడేళ్లకి, 1897 ఫిబ్రవరి 17న, ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి కొలిస్తే 26.2 శాతం సామర్థ్యం తేలింది.

ఆ మధ్య ఏళ్లలో ఆయన్ని ఏడిపించింది మసి. ఇంధనం సన్నగా చెదరక, దానికి గాలి సరిగ్గా అందక, సగం కాలి నల్లగా బయటికొచ్చేది. చివరికి ఒత్తిడి పెట్టిన గాలితో ఇంధనాన్ని చిమ్మే పద్ధతి పట్టాడు. అయితే దానికి పక్కన కంప్రెసర్ ఉండాలి. దాంతో ఇంజన్ మళ్లీ భారీదైపోయింది. ఫ్యాక్టరీలకి, ఓడలకి పోయింది గానీ చిన్నవాడి కొట్లోకి రాలేదు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజన్ ఒకటి పల్లీ నూనెతో నడిచిందని చెప్తే మా తాత చాలాసేపు నవ్వాడు.

ఇంజన్ నిజంగా చిన్నదైంది ఆయన పోయాక. 1927లో బాష్ కంపెనీ ఇంధనం చిమ్మే పంపుల్ని పెద్ద ఎత్తున తయారు చెయ్యడం మొదలుపెట్టాక కంప్రెసర్ అవసరం పోయింది. 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వచ్చింది. 1967 ఆగస్టులో సాగర్ కాల్వలకి నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా పోతుంది. కాల్వ కన్నా ఎత్తున ఉన్న చెలకలకి నీళ్లు వాటంతటవి ఎక్కవు కదా, గట్టు మీద ఆయిల్ ఇంజన్లు వెలిశాయి. సూర్యాపేట వైపు బావుల కాడా అంతే. డీజిల్ కలగన్న చిన్నవాడు చివరికి మా తాత లాంటివాడే అన్నమాట.

కానీ మసి కూడా ఇంజన్‌తోపాటే వచ్చింది. పంపు నీటిని ఏడెనిమిది మీటర్ల లోతు నుంచే పీల్చగలదు. బావిలో నీళ్లు దిగినకొద్దీ ఇంజన్ని కూడా లోపల గద్దె మీదికి దించేవాళ్లు. పొగంతా బావిలోనే. ఒక ఎండాకాలం తాత డీజిల్ పొయ్యడానికి దిగి, కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాడు. పైన ఉన్న చిన్న తాత తాడేసి లాగాడు. ఆయన దాన్ని ఎండదెబ్బ అనుకున్నాడు, మొన్నటిదాకా అలాగే చెప్పేవాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవని నేను చెప్పాక కొంతసేపు ఏం మాట్లాడలేదు.

నల్లటి పొగ వస్తే ఇంజన్ బాగా లాగుతోందని ఆయన లెక్క. నిజానికి అది నాజిల్ అరిగిందనో, గాలి ఫిల్టర్ పూడిందనో, లోడు ఎక్కువైందనో చెప్పే గుర్తు. కాలకుండా పోయిన డీజిల్, అంటే ఆయన డబ్బే, ఆయన ఊపిరితిత్తుల్లోకి పోతోంది. కంటికి ఆనని కణాలు ఇంకా లోతుకి పోతాయి. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగని కేన్సర్ కారకమని తేల్చి చెప్పింది. ఇప్పుడు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక మోటార్లే ఎక్కువ. అయినా వారబందీ పెట్టినప్పుడు, ఆయకట్టు చివర వరి ఎండుతుంటే, అద్దె ఇంజన్లు మళ్లీ గట్టెక్కుతాయి. సైలెన్సర్ మూతి మనిషి ఎత్తులోనే ఉంటుంది. మనిషి దాని పక్కనే కూర్చుంటాడు, వదిలిపోతే ఎలా?

డీజిల్ సంగతి చెప్పనే లేదు. పేరొచ్చింది, డబ్బొచ్చింది, భూముల మీద పెట్టి పోగొట్టుకున్నాడు. పేటెంట్ గొడవలు, తలనొప్పులు. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఆంట్‌వర్ప్ నుంచి ఇంగ్లాండ్ వెళ్లే డ్రెస్డెన్ అనే ఓడెక్కాడు. భోంచేసి గదికి వెళ్లాడు. తెల్లారి చూస్తే పక్క నలగలేదు, మనిషి లేడు. కొన్ని రోజులకి ఒక డచ్చి పడవవాళ్లకి సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులు మాత్రం తీసుకుని శవాన్ని నీళ్లకే వదిలేశారు. ఆ వస్తువుల్ని కొడుకు గుర్తుపట్టాడు. దూకాడో, పడ్డాడో, తోశారో ఇప్పటికీ తేలలేదు.

అంతా విని తాత ఒక్కటే అడిగాడు, ఆ ఓడ ఏ ఇంజన్ మీద నడిచిందని. ఆవిరిదేనని చెప్పాను.