తిరిగే చెట్టు, ఆరు గ్రూపులు

ఎడిసన్ ఎవరో మనందరికీ తెలుసు. ఆ ఎడిసన్‌కి ఉద్యోగం ఇచ్చినవాడి పేరు అడిగితే మాత్రం క్లాసులో ఒక్క చెయ్యి కూడా లేవదు. అతని పేరు ఎడ్వర్డ్ హిబ్బర్డ్ జాన్సన్. క్రిస్మస్ చెట్టుకి కరెంటు బల్బులు మొదట కట్టింది ఇతనే. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఆ మొదటి చెట్టే యానిమేషన్ చెట్టు.

జాన్సన్ 1846లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, చెస్టర్‌లో పుట్టాడు. టెలిగ్రాఫ్ పని నేర్చుకున్నాడు, రైల్వే పనుల్లో తిరిగాడు. 1871లో న్యూయార్క్‌లో ఆటోమేటిక్ టెలిగ్రాఫ్ కంపెనీ చూసుకుంటూ 24 ఏళ్ళ ఎడిసన్‌ని పనిలోకి తీసుకున్నాడు. అప్పటికి జాన్సన్‌కి కూడా పాతికే! కొన్నేళ్ళకి సీన్ రివర్స్ అయింది. ఎడిసన్ సొంత పని మొదలుపెట్టాక జాన్సనే అతని వెనక వెళ్ళాడు. కనిపెట్టడం ఎడిసన్ వంతు అయితే, దాన్ని జనానికి చూపించి నమ్మించడం జాన్సన్ వంతు. ఫోనోగ్రాఫ్ పట్టుకుని ఊళ్ళు తిరిగాడు, టెలిఫోన్ కోసం లండన్ వెళ్ళాడు, 1882లో అక్కడే హోల్బోర్న్ వయాడక్ట్ దగ్గర కరెంటు స్టేషన్ నడిపించాడు.

అదే ఏడాది సెప్టెంబర్ 4న న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ మొదలైంది. కానీ ఇంట్లోకి కరెంటు రానివ్వాలంటే జనానికి భయం. తమాషా ఏంటంటే, వాళ్ళే ఎండిన చెట్టుకి కొవ్వొత్తులు కట్టి, పక్కన బకెట్‌తో నీళ్ళు పెట్టుకుని పండగ చేసుకునేవాళ్ళు. కొన్ని ఇళ్ళు కాలిపోయేవి కూడా. వీటిలో ఏది ప్రమాదమో చెప్పడానికి జాన్సన్ ఉపన్యాసం ఇవ్వలేదు. 1882 డిసెంబర్ 22న తన ఇంటి హాల్లో ఒక చెట్టు పెట్టాడు.

చెట్టుకి 80 బల్బులు. తెలుపు, ఎరుపు, నీలం, మూడూ దాదాపు సమానంగా. ఒక్కోటి వాల్‌నట్ కాయంత. సీలింగ్‌కి అడ్డంగా వేసిన వైర్లకి ఇంకో 28. నేల కింద దాచిన ఒక క్రాంకు కరెంటుతో తిరుగుతూ చెట్టుని నిమిషానికి సుమారు ఆరు సార్లు తిప్పేది. చెట్టు తిరిగే కొద్దీ రంగులు మారుతూ, బల్బులన్నీ ప్రతి చుట్టుకీ ఒకసారి ఆరి మళ్ళీ వెలిగేవి. న్యూయార్క్ పేపర్లు ఇదంతా పబ్లిసిటీ స్టంట్ అనుకుని వదిలేశాయి. డెట్రాయిట్ పేపర్‌కి రాసే క్రోఫట్ అనే విలేఖరి వచ్చి చూసి రాశాడు కాబట్టి ఈ వివరాలన్నీ మనకి మిగిలాయి.

1884లో జాన్సన్ సైజు పెంచాడు. ఈసారి 120 బల్బులు. కానీ వాటిని ఆరు సెట్లుగా విడగొట్టాడు. చెట్టు చుట్టూ రాగి పట్టీలు, వాటికి తగిలే బొత్తాలు. చెట్టు తిరుగుతుంటే ఒక సెట్‌కి కనెక్షన్ తెగి, ఇంకో సెట్‌కి కలిసేది. మొదట అంతా తెలుపు, తర్వాత ఎరుపు తెలుపు, ఆ తర్వాత పసుపు తెలుపు, ఇలా.

కోడ్ రాసేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇందులో ప్రోగ్రామ్ ఎక్కడుంది? రాగి పట్టీల్లో ఉంది. క్లాక్ ఎక్కడుంది? చెట్టే క్లాక్! బల్బులు ఇంకా వేగంగా మారాలంటే చెట్టుని ఇంకా వేగంగా తిప్పాల్సిందే. వరస మార్చాలంటే రాగి పట్టీలు విప్పి మళ్ళీ బిగించాల్సిందే. 120 బల్బులున్నా విడిగా ఆడించగలిగేవి ఆరే, అంటే సగటున 20 బల్బులకి ఒక స్విచ్. ప్రతి బల్బునీ విడిగా ఆడించాలంటే 120 కనెక్షన్లు తిరిగే చెట్టులోకి తీసుకెళ్ళాలి. డబ్బున్నా అది అయ్యే పని కాదు. అంటే అతన్ని ఆపింది బల్బుల లెక్క కంటే కంట్రోల్ లెక్క. ఇంకో తెలివి కూడా ఉంది. డైనమో నుంచి వచ్చే కరెంటుని రెండుగా విడగొట్టడం వల్ల, లైట్లు ఆరకుండానే చెట్టుని ఆపగలిగేవాడు. పాజ్ బటన్ అన్నమాట.

ఇప్పుడు ఫెస్ట్‌కి ఎల్ఈడీ స్ట్రిప్‌తో చెట్టు చేద్దాం అనుకునేవాళ్ళు చేసే లెక్క కూడా ఇదే, అంకెలు వేరు. డబ్ల్యూఎస్ 2812 రకం ఎల్ఈడీకి 24 బిట్లు పంపాలి, 30 మైక్రోసెకన్లు పడుతుంది. జాన్సన్ 120 బల్బులకి 3.6 మిల్లీసెకన్లు, 360 బైట్లు. హాయిగా సరిపోతుంది. కానీ ఫుల్ వైట్‌లో ఒక్కోటి 60 మిల్లీఆంపియర్లు లాగితే మొత్తం 7.2 ఆంపియర్లు. దీన్ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలిద్దాం అనుకోకండి. అదే 1000 ఎల్ఈడీలైతే ఒక ఫ్రేమ్‌కే 30 మిల్లీసెకన్లు, సెకనుకి 33 ఫ్రేములు దాటవు. మెమరీ 3000 బైట్లు కావాలి. ఆర్డుయినో ఊనో పాత మోడళ్ళలో ఉన్నది 2048 బైట్లే. అంటే స్ట్రిప్ కొనకముందే బోర్డు సంగతి తేల్చుకోవాలి.

తర్వాతి రోజుల్లో జాన్సన్ చెట్లతోనే ఆగిపోలేదు. ఫ్రాంక్ స్ప్రేగ్ అనే నేవీ కుర్రాణ్ణి లండన్‌లో గుర్తుపట్టి ఎడిసన్ దగ్గరికి తెచ్చింది ఇతనే. ఆ స్ప్రేగ్ 1888లో రిచ్‌మండ్‌లో ట్రామ్‌లని కరెంటుతో నడిపి చూపించాడు. మనుషుల్ని గుర్తుపట్టడంలో జాన్సన్‌ది భలే కన్ను, ఎడిసన్‌తో కలిపి రెండుసార్లు రుజువైంది.

1917లో చనిపోయాడు. అప్పటికి ముందే వైరు బిగించిన బల్బుల సెట్లు షాపుల్లో దొరుకుతున్నాయి. కొన్నాళ్ళకి ఎనిమిదేసి బల్బులు సిరీస్‌లో ఉండే సెట్లు మామూలైపోయాయి. మనం సీరియల్ సెట్ అంటామే, ఆ కుటుంబమే. అవి తిరగవు, రంగులు మారవు. వాటిలో ఒక్క బల్బు పోతే ఎనిమిదీ ఆరిపోయేవి, పోయింది ఏదో ఒక్కొక్కటే విప్పి వెతుక్కోవాలి.