గోలుకీపరు రికార్డో జమోరా

ఫుట్‌బాలు ఆటలో ఒక్కొక్క జట్టునందు పదునొకండుగురు ఆటగాండ్రుందురు. వారిలో పదిమంది ఆట నడుచుచుండగా బంతిని చేతితో తాకరాదు. గోలు ముంగిట నిలుచు పదునొకండవవాడు మాత్రము తనకేర్పడిన హద్దులలో బంతిని చేతులతో పట్టవచ్చును. 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తుగల ద్వారమును అతడొక్కడే కాచుకొనవలెను. ముందుండి ఆడువాడు పదిమారులు గురి తప్పినను, పదునొకండవమారు గోలు చేసినచో జనులు మునుపటి తప్పులను మరచిపోవుదురు. గోలుకీపరునకట్టి వీలు లేదు. అతడు పది బంతులనాపి పదునొకండవదానిని వదలినచో, ఆ ఒక్కటియే లెక్కకు వచ్చును. అట్టి స్థానమున ఇరువది సంవత్సరములకు పైగా నిలిచి, స్పెయిన్ దేశమంతటను పేరు పొందినవాడు రికార్డో జమోరా.

జమోరా 1901వ సంవత్సరము జనవరి 21వ తేదీన బార్సిలోనా నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. కుమారుడును వైద్యవిద్య నభ్యసించి తన వృత్తిని చేపట్టవలెనని ఆయన కోరిక. కాని బాలుని మనస్సు పుస్తకములకంటె బంతిమీదనే నిలిచెను. 1916వ సంవత్సరమున, పదునైదేండ్ల ప్రాయముననే, జమోరా ఆ నగరములోని ఎస్పాన్యోల్ క్లబ్బు తరఫున గోలు ముందు నిలిచెను. మూడేండ్ల పిమ్మట, దానికి పోటీదారైన బార్సిలోనా క్లబ్బులో చేరెను. ఒకే ఊరిలోని ఈ రెండు క్లబ్బుల నడుమనున్న పంతము సామాన్యమైనది కాదు. ఒకదానిని విడిచి రెండవదానిలో చేరువాడు ఇరుపక్షముల నిష్ఠురములకును సిద్ధపడవలెను.

ఆ దినములలో గోలుకీపరునకు నేటి రక్షణ లేదు. బంతి పట్టుకొని నిలిచినవానిని ఎదుటి ఆటగాండ్రు భుజములతో త్రోయవచ్చును. బంతితో కూడ గోలులోనికి నెట్టివేయవచ్చును. జమోరా పొడగరి, బలిష్ఠుడు. మెడవరకు మడచిన తెల్లని ఉన్ని చొక్కా తొడిగి, తలపై గుడ్డటోపీ ధరించి, ఆయన నిర్భయముగా ముందుకు వచ్చుచుండెను. ఒక్కొక్కప్పుడు చేతులకు బదులు మోచేతితోనే బంతిని దూరముగా కొట్టుచుండెను. ఈ దెబ్బకు జనులాయన పేరిట జమోరానా అని పేరు పెట్టిరి.

1920వ సంవత్సరమున బెల్జియములోని ఆంట్వెర్పు నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. అంతకుముందు స్పెయిన్ దేశమునకు జాతీయ ఫుట్‌బాలు జట్టు లేదు. ఆగస్టు 28వ తేదీన ఆ జట్టు తన మొట్టమొదటి ఆటను డెన్మార్కుతో ఆడి ఒక్క గోలుతో గెలిచెను. పందొమ్మిదేండ్ల జమోరా ఒక్క గోలునైనను ఇయ్యలేదు. తరువాత బెల్జియము చేతిలో ఓడినను, స్పెయిన్ జట్టు వెండి పతకముతో మరలి వచ్చెను.

ఆ క్రీడలలోనే జమోరా కోపస్వభావమును బయటపడెను. ఇటలీతో జరిగిన ఆటలో ఎదుటి ఆటగానిని కొట్టినందున రిఫరీ ఆయనను మైదానమునుండి వెలుపలికి పంపివేసెను. తిరుగుప్రయాణమున సుంకము చెల్లింపక చుట్టలు తీసికొనిపోవుచు పట్టుబడి జరిమానా చెల్లించినట్లును చెప్పుదురు. బంతినాపుటయందు చూపిన నిగ్రహమును కోపమునాపుటయందు చూపుటకు ఆయనకు కొంతకాలము పట్టెను.

1922లో జమోరా తిరిగి ఎస్పాన్యోల్ క్లబ్బునకు వచ్చి, ఎనిమిదేండ్లు అచ్చటనే ఆడెను. 1929వ సంవత్సరము ఫిబ్రవరిలో వలెన్సియా నగరమునందలి మెస్తాయా మైదానమున స్పెయిన్ కప్పు ఫైనలు జరిగెను. ఎడతెగని వానకు మైదానము చెరువువలె నిండెను. ఆ నీటిలోనే ఆడి ఎస్పాన్యోల్ జట్టు మాడ్రిడ్ జట్టును రెండు గోళ్లకు ఒకటిగా ఓడించెను. నీటి ఫైనలు అని నేటికిని దానిని స్పెయిన్‌లో చెప్పుకొందురు.

ఆ ఏడాదియే మే 15వ తేదీన ఇంగ్లండు జట్టు మాడ్రిడ్ నగరమునకు వచ్చెను. ఫుట్‌బాలు నియమములను వ్రాసినది ఆంగ్లేయులు. బ్రిటిష్ దీవులకు చెందని జట్టు ఏదియు అంతవరకు వారిని ఓడించి యుండలేదు. ఆనాడు స్పెయిన్ నాలుగు గోళ్లకు మూడుగా గెలిచెను. జమోరా మూడు గోళ్లిచ్చినను, ఆ విజయములో పాలుగొన్నవాడై ఐరోపాయంతటను ప్రసిద్ధుడయ్యెను.

1930లో మాడ్రిడ్ క్లబ్బు పెద్ద మొత్తము చెల్లించి ఆయనను తీసికొనెను. 1931-32 లీగు పోటీలో ఆ జట్టు పదునెనిమిది ఆటలాడి ఒక్కదానిలోను ఓడలేదు. ఆ ఆటలన్నింటను కలిసి ఎదుటివారికి లభించినవి పదునైదు గోళ్లు మాత్రమే. కాని ఆ పోటీ నడుచుచుండగనే, 1931 డిసెంబరు 9వ తేదీన, స్పెయిన్ జట్టు లండనులోని హైబరీ మైదానమునకు వెళ్లెను. ఇంగ్లండువారు పాత ఓటమిని మరువలేదు. ఆ ఒక్క మధ్యాహ్నము జమోరా కాచిన గోలులోనికి ఏడు బంతులు దూరెను. స్పెయిన్ చేసినది ఒక్క గోలు. గోలుకీపరు బ్రతుకు ఎట్టిదో తెలియగోరువారు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును.

1934వ సంవత్సరమున ఇటలీలో ప్రపంచ కప్పు పోటీలు జరిగినవి. మొదటి ఆటలో బ్రెజిల్ జట్టు కొట్టిన పెనాల్టీని జమోరా ఆపెను. పిమ్మట ఫ్లారెన్సు నగరమున ఇటలీతో తలపడవలసి వచ్చెను. అది ముసోలినీ పాలించుచున్న కాలము. ఎట్లైనను ఇటలీయే గెలువవలెనని అక్కడివారి పట్టుదల. ఆట మోటుగా సాగెను. అదనపు కాలము గడచినను చెరియొక గోలుతో ఆట తేలలేదు. కావున మరునాడే తిరిగి ఆడవలెనని నిర్ణయించిరి. ఆ రెండవ ఆటకు జమోరా రాలేకపోయెను. దెబ్బలు తగిలి ఆయన నిలువలేని స్థితిలో నుండెను. స్పెయిన్ ఒక్క గోలుతో ఓడెను. చివరకు కప్పును ఇటలీయే గెలుచుకొనెను.

జమోరా పేరు తలచినంతనే స్పెయిన్ ప్రజలకు జ్ఞప్తికి వచ్చునది 1936వ సంవత్సరము జూన్ 21వ తేదీ. ఆనాడు మెస్తాయా మైదానములోనే మరియొక కప్పు ఫైనలు జరిగెను. ఏడేండ్లనాడు నీట మునిగిన నేల, ఇప్పుడు ఎండకు మాడి ధూళి రేగుచుండెను. ఎదుట నున్నది జమోరా పూర్వము ఆడిన బార్సిలోనా జట్టు. మాడ్రిడ్ రెండు గోళ్లకు ఒకటిగా ముందుండెను. కాని ఒక ఆటగాడు గాయపడి తొలగుటచే వారు పదిమందియే మిగిలిరి. ఆట ముగియుటకు కొద్ది నిమిషములుండగా బార్సిలోనా ఆటగాడు ఎస్కోలా దగ్గరనుండి నేలబారుగా గట్టిదెబ్బ కొట్టెను. జమోరా ఎడమవైపునకు దూకెను. ధూళి మేఘమువలె లేచి గోలును కప్పివేసెను. బంతి లోపలికి పోయినదో లేదో ఎవరికిని కనబడలేదు. బార్సిలోనా పక్షమువారు గోలైనదనుకొనిరి. ధూళి అణగిన పిమ్మట చూడగా, జమోరా బంతిని చేతులలో పట్టుకొని నిలిచియుండెను. జనులాయనను భుజములపై మోసికొనిపోయిరి. మాడ్రిడ్ జట్టు తరఫున ఆయన ఆడిన చివరి పెద్ద ఆట అదియే.

నెల తిరుగకుండగనే స్పెయిన్‌లో అంతర్యుద్ధము చెలరేగెను. కొందరు సేనానులు ప్రభుత్వముపై తిరుగబడిరి. దేశము రెండుగా చీలెను. మాడ్రిడ్ నగరము ప్రభుత్వపక్షమువారి చేతిలో నుండెను. అచ్చట అనుమానమే నేరముగా ఎందరో చెరలపాలైరి. రెండేండ్ల క్రితము జమోరాకు బిరుదమిచ్చి గౌరవించినది ఆ ప్రభుత్వమే. అయినను ఆయన సంప్రదాయవాది యనియు, కాథలిక్కు పత్రికలో వ్రాయుచున్నాడనియు అనుమానించి, సాయుధులు కొందరాయనను పట్టుకొని మొదేలో చెరసాలలో నుంచిరి. అచ్చటనుండి ఖైదీలను గొనిపోయి కాల్చివేయుట ఆ నెలలలో జరుగుచుండెను. జమోరాను చంపివేసిరని తిరుగుబాటు పక్షమువారు ప్రకటించిరి. ఆ వార్త నమ్మి అనేకులు దుఃఖించిరి.

కాని ఆయన బ్రతికియుండెను. ఏ కీర్తి ఆయనను అందరికంటబడునట్లు చేసి చెరకు తెచ్చెనో, ఆ కీర్తియే ఇప్పుడు అడ్డుపడెను. ఆయన ఆట చూచి ఆనందించినవారు ఆ పక్షమునను అనేకులుండిరి. గాల్వెస్ అను కవి ఆయన విడుదలకు పాటుపడెనని చెప్పుదురు. చెర వీడిన జమోరా అర్జెంటీనా రాయబార కార్యాలయమున తలదాచుకొని, తరువాత ఫ్రాన్సు చేరెను. అచ్చట నీస్ పట్టణపు జట్టులో, పాత మిత్రుడగు సామితియేర్‌తో కలిసి ఆడి, 1938వ సంవత్సరమున ఆటగాని జీవితమును చాలించెను. 1920 మొదలు 1936 వరకు స్పెయిన్ జాతీయ జట్టుకు ఆయన 46 ఆటలాడెను. చిరకాలము ఆ లెక్కను మరియొకరు దాటలేకపోయిరి.

1939లో యుద్ధము ముగిసెను. జమోరా మాడ్రిడ్‌లోని అట్లెటికో ఆవియాసియోన్ జట్టుకు శిక్షకుడయ్యెను. అది యుద్ధములో చితికిపోయిన అట్లెటికో క్లబ్బును విమానదళపు జట్టుతో కలిపి ఏర్పరచినది. పాత ఆటగాండ్రలో కొందరు యుద్ధమున మరణించిరి. యుద్ధమునకు ముందు జరిగిన చివరి లీగులో ఆ క్లబ్బు క్రింది తరగతికి దిగజారి యుండెను. ఓవియేడో జట్టు మైదానము యుద్ధములో పాడగుటచే ఆ జట్టు తాత్కాలికముగా తప్పుకొనెను. ఆ ఖాళీ కొరకు ఒసాసునా జట్టుతో ఆడి గెలిచినందుననే ఆవియాసియోన్‌కు పై తరగతిలో చోటు దొరికెను. అట్టి జట్టు జమోరా శిక్షణలో 1939-40 లీగును గెలిచెను. రెండవ స్థానమున నున్న సెవిల్లాకంటె దానికెక్కువగా వచ్చినది ఒక్క పాయింటే. మరుసటి ఏడును ఆ జట్టే లీగును గెలిచెను. తాను గోలు ముంగిట నిలిచినప్పుడు చేయి చాచి బంతినాపగలిగినవాడు, ఇప్పుడు గీత వెలుపల కూర్చుండి ఇతరుల తప్పులను చూచి ఊరకుండవలసి వచ్చెను. ఈ రెండవ పని మొదటిదానికంటె సులభము కాదు.

1946లో ఆయన గలీసియా ప్రాంతములోని వీగో రేవుపట్టణమునకు వెళ్లి సెల్టా జట్టుకు శిక్షకుడయ్యెను. 1948లో ఆ జట్టు లీగులో నాలుగవ స్థానము పొంది, కప్పు ఫైనలు వరకు వచ్చి సెవిల్లా చేతిలో ఓడెను. 1952లో కొద్దికాలము జాతీయ జట్టు బాధ్యతయు ఆయనకు లభించెను. తన పేరే పెట్టుకొన్న కుమారుడును గోలుకీపరై లీగులో ఆడెను.

1958-59 లీగు మొదలుకొని మార్కా అను క్రీడాపత్రిక ఒక బహుమానము నేర్పాటు చేసెను. లీగునందు ఆటకు సగటున తక్కువ గోళ్లిచ్చిన గోలుకీపరునకు ఏటేట అది లభించును. దానికి జమోరా పేరు పెట్టిరి. తన పేరిటి బహుమానమును కొత్తతరము గోలుకీపర్లు అందుకొనుట ఆయన ఇరువదేండ్లు చూచెను. 1978వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన, తాను పుట్టిన బార్సిలోనా నగరముననే, 77వ ఏట రికార్డో జమోరా కన్నుమూసెను.