టిండేల్: ఒక ఇంటిపేరు కథ

చాలా ఇంటిపేర్లు ఊళ్ల నుంచి వచ్చినవే. మన తెలుగువారిలోనే కాదు, ఇంగ్లాండులోనూ అంతే. ఆ దేశానికి ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో టైన్ అనే నది ఉంది. దాని లోయకు టైన్‌డేల్ అని పేరు. టిండేల్ అనే ఇంటిపేరు ఆ లోయ పేరే. ఇంగ్లాండులో ఇది అరుదుగా వినిపించే పేరు. అయినా ఇంగ్లీషు బైబిలు చదివే వారంతా దీనికి ఋణపడి ఉన్నారు.

విలియం టిండేల్ 1494 ప్రాంతంలో గ్లాస్టర్‌షైర్‌లో జన్మించారు. ఆ కుటుంబానికి హిచిన్స్ అనే మరో ఇంటిపేరు కూడా ఉండేది. 1512లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన పట్టా పుచ్చుకున్నది ఆ పేరుతోనే.

సామాన్యుడు తన మాతృభాషలో దేవుని వాక్యం చదువుకోవాలన్నది ఆయన భారం. ఆ రోజుల్లో బిషప్పు అనుమతి లేకుండా లేఖనాలను ఇంగ్లీషులోకి అనువదించడం నిషిద్ధం. లండన్ బిషప్పు టన్‌స్టాల్‌ను ఆశ్రయించినా ఫలితం లేకపోయింది. 1524లో స్వదేశం విడిచి జర్మనీ చేరారు. గ్రీకు నుంచి ఆయన అనువదించిన క్రొత్త నిబంధన 1526లో వర్మ్స్ పట్టణంలో అచ్చయింది. దానిమీద అనువాదకుని పేరు లేదు. ప్రతులు సరుకుల మూటల్లో దాగి ఇంగ్లాండు చేరాయి. దొరికిన వాటిని బిషప్పు తగులబెట్టించారు.

1535లో, స్నేహితునిలా నటించిన ఒకడు ఆంట్‌వర్ప్‌లో ఆయనను పట్టించాడు. విల్‌వోర్డ్ కోటలో ఏడాదికి పైగా బంధించి, 1536లో మెడకు ఉరి బిగించి చంపి, దేహాన్ని కాల్చివేశారు.

మరుసటి సంవత్సరమే రాజు అనుమతితో ఒక ఇంగ్లీషు బైబిలు వెలువడింది. అందులోని క్రొత్త నిబంధన, పాత నిబంధనలో చాలా భాగం టిండేల్ అనువాదమే. ముఖపత్రం మీద మాత్రం థామస్ మాథ్యూ అనే పేరు వేశారు. మలాకీ గ్రంథం ముగిసిన చోట టిండేల్ పేరులోని రెండు తొలి అక్షరాలను పెద్దవిగా అచ్చువేశారు, అంతే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు క్రొత్త నిబంధనలో అధిక భాగం ఆయన మాటలే.

సంఘంలోకి కొత్తవాడు రాగానే మనం అడిగేది ఇంటిపేరు. మందిరానికి ఫ్యాను ఇస్తే దాని రెక్కల మీద మన పేరు రాయిస్తాం. ఈ సేవకుడు ప్రాణానికి తెగించి చేసిన పుస్తకం పేరు లేకుండానే ప్రజల చేతికి వెళ్లింది. వాక్యం వారికి చేరడమే ఆయనకు కావలసింది. పేరు రాని పనికి మనలో ఎంతమందిమి సిద్ధంగా ఉన్నామో ఈ వారం ఆలోచించుకుందాం.