ఎండ ఉచితం, పెట్టుబడే భారం: ఫ్రాంక్ షూమన్ జీవితం

రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లాలో 2013లోను, మన అనంతపురం జిల్లాలో 2014లోను 50 మెగావాట్ల చొప్పున సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. వంపు తిరిగిన అద్దాలతో ఎండను ఒక గొట్టంపై కేంద్రీకరించి, ఆ వేడితో ఆవిరిని పుట్టించి యంత్రాన్ని నడపడం వీటి పద్ధతి. వాటికి దాదాపు నూరేళ్ల ముందు, 1913లో, నైలు నది ఒడ్డున ఇదే పద్ధతిని ఆచరణలో చూపించినవాడు అమెరికన్ ఆవిష్కర్త ఫ్రాంక్ షూమన్. ఆయన యంత్రం పనిచేసింది. దానికి కావలసిన పెట్టుబడి మాత్రం చివరివరకూ నిలవలేదు.

షూమన్ 1862లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జన్మించారు. పగిలినా ముక్కలు రాలిపడకుండా లోపల తీగల వల అమర్చిన గాజు పలకకు 1892లో పేటెంట్ పొందారు. కర్మాగారాల పైకప్పులకు, కిటికీలకు ఈ గాజు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దానిపై వచ్చిన ఆదాయంతో ఫిలడెల్ఫియా శివారు టాకొనీలో ప్రయోగశాల నెలకొల్పుకుని, సూర్యతాపంపై దృష్టి నిలిపారు.

1907లో ఆయన తన ఆవరణలోనే ఒక చిన్న సౌరయంత్రాన్ని నడిపి చూపారు. తక్కువ వేడికే మరిగే ఈథర్‌ను గాజు మూతల పెట్టెలలో వేడిచేసి, ఆ ఆవిరితో ఇంజనును తిప్పారు. మరుసటి ఏడాది సన్ పవర్ కంపెనీ స్థాపించారు. అయితే బొగ్గు చౌకగా దొరికే అమెరికాలో దీనికి గిరాకీ ఉండదని గ్రహించి, ఎండ మెండుగా ఉండి బొగ్గు ప్రియమైన దేశాల వైపు చూశారు. ఈజిప్టులో ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. అక్కడికి బొగ్గు బ్రిటన్ నుంచి ఓడలలో రావాలి. పత్తి పొలాలకు నీరు తోడవలసిన అవసరం అపారం.

పెట్టుబడి కోసం షూమన్ లండన్ చేరుకున్నారు. అక్కడి మదుపుదారులు సొమ్ము పెట్టడానికి సమ్మతించారు గాని, నమూనాను నిపుణులు పరీక్షించాలని షరతు పెట్టారు. భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ వెర్నన్ బాయిస్ సలహాపై పరావలయాకారపు దర్పణాలు అమర్చేందుకు షూమన్ అంగీకరించారు. కైరోకు దక్షిణాన మాదీలో ఒక్కొక్కటి సుమారు 62 మీటర్ల పొడవున్న అయిదు దర్పణ వరుసలు నిర్మించారు. 1912లో తొలి ప్రయత్నం విఫలమైంది. జింకుతో చేసిన బాయిలరు గొట్టాలు వేడికి మెత్తబడి వంగిపోయాయి. ఇనుప గొట్టాలు బిగించాక, 1913 వేసవిలో యంత్రం 50కి పైగా అశ్వశక్తితో నడిచి, నిమిషానికి దాదాపు 6,000 గ్యాలన్ల నైలు నీటిని పొలాలకు తోడింది.

అసలు చిక్కు లెక్కల్లో ఉంది. సౌరయంత్రం ఖరీదు అంతే శక్తిగల బొగ్గు ఇంజనుకు దాదాపు రెట్టింపు. బొగ్గు ఇంజను కొన్నవాడు ఇంధనానికి ఏ రోజు సొమ్ము ఆ రోజు చెల్లిస్తాడు. సౌరయంత్రం కొన్నవాడు రాబోయే ఏళ్ల ఇంధనాన్నంతా మొదటిరోజే కొన్నట్లు లెక్క. ఆ సొమ్ము తిరిగి వచ్చేవరకు ఓపిక పట్టే మదుపుదారు, భరించదగిన వడ్డీ, రాజకీయ స్థిరత్వం దీనికి తప్పనిసరి.

కొంతకాలం ఈ మూడూ సమకూరినట్లే కనిపించాయి. అంతకుముందు భారతదేశంలో సర్వసేనాధిపతిగా పనిచేసి, అప్పుడు ఈజిప్టులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న లార్డ్ కిచెనర్, సూడాన్‌లో 30,000 ఎకరాల పత్తి క్షేత్రాన్ని ఇవ్వజూపారు. నైరుతి ఆఫ్రికాలోని తమ వలసలో ఇటువంటి కేంద్రానికి జర్మనీ ప్రభుత్వమూ ఆసక్తి చూపింది. సహారాలో సుమారు 20,000 చదరపు మైళ్లలో దర్పణాలు పరిస్తే ప్రపంచం వాడే ఇంధనమంతటికీ సమానమైన శక్తి లభిస్తుందని షూమన్ లెక్కగట్టారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఇంజనీర్లు మాదీని విడిచి వెళ్లారు. కేంద్రం మూతపడింది. షూమన్ అమెరికాకు తిరిగివెళ్లి, 1918 ఏప్రిల్‌లో 56వ ఏట టాకొనీలో కన్నుమూశారు. యుద్ధానంతరం జర్మనీ తన ఆఫ్రికా వలసలను కోల్పోయింది. చౌక చమురు వైపు పెట్టుబడులు మరలాయి.

ఆయన ఎదుర్కొన్న ప్రశ్న ఆయనతో ముగిసిపోలేదు. కాలిఫోర్నియాలో 1984-90 మధ్య 354 మెగావాట్ల కేంద్రాలు నిర్మించిన లూజ్ సంస్థ, అద్దాలు పనిచేస్తుండగానే 1991లో దివాలా తీసింది. మన దేశంలో జాతీయ సౌర కార్యక్రమం కింద 2010లో 470 మెగావాట్ల మేరకు ఏడు సౌర ఉష్ణ కేంద్రాలను పోటీ వేలంలో ఎంపిక చేయగా, వాటిలో పూర్తయినవి కొన్నే. జైసల్మేర్, అనంతపురం కేంద్రాలు ఆ కొన్నింటిలోవే. ఈలోగా చౌకబడిన సౌర ఫలకాలు మదుపుదారులను తమవైపు తిప్పుకున్నాయి. మరోవైపు మొరాకోలో ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, ఐరోపా సంస్థలు దీర్ఘకాలిక రుణాలు సమకూర్చగా, 160 మెగావాట్ల నూర్ తొలి కేంద్రం 2016లో ప్రారంభమైంది.

మాదీలో షూమన్ ఎండతో నీరు తోడి చూపించారు. ఆ ఎండను పెద్ద ఎత్తున వాడుకోగోరే పేద దేశాలకు చౌకగా, దీర్ఘకాలానికి అప్పు ఇచ్చేదెవరన్న ప్రశ్నకు మాత్రం ఆయన జీవితకాలంలో సమాధానం దొరకలేదు.